డిగ్రీ అయ్యాక థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ: చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి

నాగావళి_ఒడ్డున

అందరికీ నమస్కారం. మాది ఆముదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళంలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కాలేజీలో రెండేళ్ళు నాటికలు వేశాను, ఒకసారి బాపూజీ కళామందిర్‌లో పోటీకి కూడా వెళ్ళాం. అందులో నాది కొడుకు పోయిన తల్లి వేషం. ఒకచోట డైలాగు ఏమీ లేదు, కంచంలో అన్నం కలుపుతూ ఆగిపోవాలి, అంతే. ఆగాను. హాల్లో చిన్నపిల్లల గోల కూడా ఆగిపోయింది. ఆ కొన్ని క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే, ఆ రోజు నుంచీ ఇదే చదవాలని ఉంది.

నాన్న రైసుమిల్లులో గుమాస్తా. చెడ్డగా ఏమీ అనలేదు గానీ "నాటకాలకి యూనివర్సిటీ ఏటమ్మా, బీఈడీ చేసుకో, టీచరు ఉద్యోగం వస్తాది" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు, ఎందుకంటే రెండేళ్ళు అక్కడ ఏం నేర్పుతారో నాకే సరిగ్గా తెలీదు. ఉద్యోగాలు ఉంటాయా? ఇంకోటి, నా మాట అచ్చం మా ఊరి మాట, దీన్ని మార్చుకోవాలా? దయచేసి చెప్పండి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

మూడులాంతర్లు

అమ్మా, నేను విజయనగరం వాడిని. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ముప్పై ఏళ్ళకి పైగా ఆడాను, రిటైరయ్యాక కూడా ఆడుతున్నాను. నా మాట కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకు.

నాటకం యూనివర్సిటీలో పుట్టింది కాదు. 1892 ఆగస్టు 13న మా ఊళ్ళో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు కన్యాశుల్కం మొదటిసారి ఆడారు, వాళ్ళలో ఎవరికీ నాటకంలో డిగ్రీ లేదు. జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ రామప్పంతులు వేశారు, డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్ళారు. వారి తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం వేస్తే ఆ వేషం ఆయనకే రాసినట్టుండేది. వాళ్ళు నేర్చుకున్నదంతా సాయంత్రాలు రిహార్సల్స్‌లోనే. శంకరాభరణం ఆ తర్వాతి మాట.

కాబట్టి నా సలహా ఏమిటంటే బీఈడీ చెయ్యి. ఉద్యోగం చూసుకో. సాయంత్రం నాటకం వేసుకో. కడుపు నిండాక చేసే నాటకంలో భయం ఉండదు.

వింగ్_పక్కన

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మాది గజపతినగరం. నేను థియేటర్‌లో పీజీ చేసి ఇప్పుడు పదో ఏడు, బడిపిల్లలతో నాటకం చేయించడమే నా పని. మీరు చెప్పిన పేర్లన్నీ నిజమే, వాళ్ళని తలుచుకునే నేనూ ఇటు వచ్చాను. కానీ వాళ్ళకి ఒక సమితి ఉండేది కదండీ. ఒకే నాటకాన్ని ఏళ్ళ తరబడి పట్టుకుని, ఆడి, సరిదిద్దుకుని, మళ్ళీ ఆడే జట్టు ఉండేది, చూసి తప్పు చెప్పే పెద్దలు ఉండేవారు. ఇవాళ ఆముదాలవలసలో ఈ అమ్మాయికి అది ఎక్కడుంది? వార్షికోత్సవానికి పది రోజుల ముందు స్క్రిప్టు చేతికిస్తారు, పదకొండో రోజు స్టేజి. యూనివర్సిటీలో నాకు దొరికింది ఒక ఖాళీ హాలు, పదిమంది మనుషులు, బోలెడంత టైము. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాల్లో అది దొరకడం, ఆడపిల్లకి ముఖ్యంగా, ఎంత కష్టమో మీకు తెలుసు.

చెల్లీ, ఏం నేర్పుతారని అడిగావు కదా. నా అనుభవం చెప్తాను, ఒక్కో యూనివర్సిటీలో కొంచెం కొంచెం తేడా ఉంటుంది.

థియరీ ఉంటుంది. నాట్యశాస్త్రం, అందులో ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగు అభినయాలు. గ్రీకు నాటకం, షేక్స్‌పియర్, స్తానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్ అనే విదేశీ దర్శకుల పద్ధతులు. తెలుగు నాటక చరిత్ర, మన జానపద కళారూపాలు. ఇవి చదవాలి, పరీక్ష రాయాలి, పేపర్లు దిద్దేవాళ్ళు ఊరికే మార్కులు వెయ్యరు. కానీ నన్ను మార్చింది పొద్దున పూట జరిగే ప్రాక్టికల్స్.

మొదటి నెలంతా మాకు డైలాగే ఇవ్వలేదు. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద ఒక లావుపాటి పుస్తకం పెట్టేవారు. ఊపిరి తీస్తే పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. అప్పటిదాకా నేను గొంతుతో అరిచేదాన్ని, రెండు షోలు అయ్యేసరికి గొంతు పోయేది. మూడో వారానికి చివరి బెంచీకి వినపడేలా మామూలుగా మాట్లాడగలిగాను. తర్వాత నడక. హాలంతా నడవడం, ఎవరినీ తగలకుండా, ఎక్కడా ఖాళీ మిగలకుండా, చప్పట్లు కొడితే ఆగడం. చూసేవాళ్ళకి ఇది పిల్లలాటలా ఉంటుంది. స్టేజి మీద ఎదుటివాడు ఎక్కడున్నాడో కళ్ళతో చూడకుండా తెలుసుకోవడం అక్కడే వస్తుంది.

ఆ తర్వాత ఒక పని ఇచ్చారు. ఒక మనిషిని వారం రోజులు చూసి వచ్చి చూపించాలి. నేను సెలవుల్లో ఇంటికొచ్చి విజయనగరం రైతుబజారులో కూర్చున్నాను, వంకాయలు అమ్మే ఒకావిడ ఎదురుగా. మొదటి రోజు నాకు కనిపించింది చీర, ముక్కుపుడక, కేకలు. నాలుగో రోజుకి కనిపించింది ఏంటంటే ఆవిడ చిల్లర లెక్కపెట్టేటప్పుడు చేతివంక చూడదు. వేళ్ళే లెక్కపెడతాయి, కళ్ళు తర్వాత వచ్చే మనిషి మీద ఉంటాయి. కుడి మోకాలు చాపుకుని కూర్చుంటుంది, లేచేటప్పుడు ముందు తక్కెడ పట్టుకుంటుంది, తర్వాత నేల. క్లాసులో నేను డైలాగు లేకుండా అది చేసి చూపించాను. మా సారు ఒక్కటే అడిగారు: "ఆవిడకి మోకాలి నొప్పి ఎన్నాళ్ళ నుంచి?" నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వెళ్ళి ఆవిణ్ణే అడిగాను, కూర్చోబెట్టి గంట మాట్లాడింది.

నువ్వు అన్నం కలుపుతూ ఆగావు చూడు, ఆ ఆగడం మళ్ళీ రేపు, ఎల్లుండి, జ్వరంగా ఉన్న రోజు కూడా ఆగగలగాలి. అది నేర్పుతారు.

లెక్కల_మాస్టారు

నేను ప్రభుత్వ బడిలో టీచరుని, పాలకొండ వైపు. అమ్మాయి తండ్రి తరఫున అడుగుతున్నాను, వెటకారం ఏమీ లేదు. నాకూ ఒక కూతురుంది. రెండేళ్ళ తర్వాత నెలకి ఎంత వస్తుంది, ఎక్కడి నుంచి వస్తుంది? మిల్లు గుమాస్తాకి కావలసింది ఈ జవాబే.

వింగ్_పక్కన

న్యాయమైన ప్రశ్న మాస్టారూ. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

బీఈడీ చేసి డీఎస్సీ రాసినట్టు దీనికి ఒక దారి వేసి లేదు. నా బ్యాచ్‌లో ఒకరు కాలేజీలో పాఠం చెప్తున్నారు. ఇద్దరు సినిమా, సీరియళ్ళలో అసిస్టెంట్లు. ఒకరు డబ్బింగ్. ఒకతను అన్నీ వదిలేసి బ్యాంకు పరీక్ష రాశాడు. నేను ప్రైవేటు స్కూళ్ళలో వర్క్‌షాపులు చేస్తాను, వేసవిలో బాగానే వస్తుంది, జూన్, జులై చేతిలో ఏమీ ఉండదు. మొదటి మూడేళ్ళు ఇంటి నుంచి డబ్బు అడగాల్సి వచ్చింది, అది నాకు చాలా బాధ.

అయితే నాన్నగారికి చెప్పదగ్గవి రెండున్నాయి. కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ కింద డాన్స్, డ్రామా, థియేటర్ ఒక సబ్జెక్టు. పీజీ ఉంటే రాయొచ్చు. అందులోనే జేఆర్ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలకి 37,000 ఇస్తారు. రెండోది, కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్, 18 నుంచి 25 ఏళ్ళ లోపు వాళ్ళకి, రెండేళ్ళపాటు నెలకి 5,000, నాటకం కూడా అందులో ఉంది. పోటీ ఉంటుంది, అందరికీ రాదు. కానీ నువ్వు ఆ వయసులోనే ఉన్నావు, అప్లై చెయ్యకుండా వదలకు.

అన్నట్టు బీఈడీ తర్వాత కూడా చెయ్యొచ్చు. నాటకం తెలిసిన టీచరు క్లాసులో ఎలా నిలబడుతుందో మీరే చూసుంటారు మాస్టారూ.

మద్దెల_మనవడు

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను అంతే. ఇది చూసి ఆగలేకపోయాను.

మా తాత తూర్పు భాగవతంలో మద్దెల వాయించేవాడు. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు, పంటలు ఇంటికొచ్చాక. మద్దెల నడుముకి కట్టుకుని నిలబడి వాయించాలి, రాత్రంతా. సత్యభామ వేషం కట్టేది మగవాళ్ళే. సత్యభామ ముందుకొస్తే మద్దెల కూడా ముందుకొస్తుంది, ఆమె అలిగి మొహం తిప్పుకుంటే మద్దెల పక్కకి తిరుగుతుంది, ఇద్దరి మధ్యా పోటీ నడుస్తుంది, జనం అది చూడ్డానికే తెల్లారేదాకా కూర్చునేవారు. నేను డిప్లొమా చదివి ఫ్యాక్టరీలో చేరిపోయాను. తాత పోయాక మద్దెల అటక మీద ఉంది, మూత ఎండిపోయింది.

రెండేళ్ళ కింద ఒక యూనివర్సిటీ నుంచి థియేటర్ చదివే కుర్రాడు ఒకడు మా ఇంటికొచ్చాడు, పరిశోధన కోసం. తాత గురించి అడిగాడు, నాకు చాలా వాటికి జవాబు తెలీలేదు. కాలు ఎలా వేసేవారు, దరువు మారేటప్పుడు ఎవరు సైగ చేసేవారు, మద్దెలా, వేషమా? నేను చిన్నప్పుడు పందిట్లో నిద్రపోతూ విన్నవి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వాడు అడక్కపోతే అవి నాతోనే పోయేవి.

చెల్లీ, నువ్వు చదువు. చదివి మా ఊళ్ళకి రా. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు, జముకుల కథ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర ఉన్నది కాగితం మీద లేదు.

నాగావళి_ఒడ్డున

ఇంత రాస్తారని అనుకోలేదు. మద్దెల అన్నయ్యా, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చిన్నప్పుడు భాగవతం చూసిందట, సత్యభామ జడ గురించి గంటసేపు చెప్పింది, నాకు ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా చెప్పలేదు.

నా మాట సంగతి ఎవరూ చెప్పలేదు. పోయిన ఏడాది ఒక వర్క్‌షాపుకి వెళ్తే అక్కడ నేర్పేవాళ్ళు "ఏటి, ఎలాగ, వస్తన్నాను" అన్నీ వదిలేస్తేనే పైకొస్తావన్నారు. అందరి ముందూ అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు నోరెత్తలేదు.

మూడులాంతర్లు

తల్లీ, ఆ మాట అన్నవాళ్ళు కన్యాశుల్కం సరిగ్గా చదవలేదు. మొదటి రంగమే మా ఊరి బొంకులదిబ్బ. అగ్నిహోత్రావధాన్ల మాట ఒక తీరు, అసిరిగాడి మాట ఒక తీరు, గిరీశం ఇంగ్లీషు కలిపి మాట్లాడేది ఇంకో తీరు. అందరి చేతా ఒకే భాష మాట్లాడిస్తే ఆ నాటకంలో ఇంకేం మిగులుతుంది? వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మీ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29నే, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. నువ్వు నోరు మూసుకోవలసిన పని లేదు.

ఇంకొక మాట. గజపతినగరం అమ్మాయి రాసింది నిన్న రాత్రి మళ్ళీ చదివాను. పొట్టమీద పుస్తకం సంగతి. పరిషత్తుల్లో మాకు పైనుంచి మైకులు వేలాడదీసేవారు. ఎంత గొప్ప సన్నివేశమైనా నడుచుకుంటూ వచ్చి మైకు కిందే ఆగేవాళ్ళం. తల్లి శవం స్టేజికి ఎడమ మూల ఉంటే కొడుకు మధ్యలో నిలబడి ఏడ్చేవాడు, ఎందుకంటే మైకు అక్కడుంది. ముప్పై ఏళ్ళు అలాగే నటించాం. మాకు ఊపిరి ఎవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే ఆ మూలకి వెళ్ళి ఏడ్చేవాళ్ళం. మొదట నేను రాసినదాన్ని కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

వింగ్_పక్కన

మాస్టారూ, చాలా సంతోషం.

చెల్లీ, యాస పోగొట్టుకోవడం వేరు, ఇంకొకటి నేర్చుకోవడం వేరు. రాయలసీమ రైతు వేషం వస్తే ఆ మాట పట్టాలి, పురాణ పాత్ర వస్తే పద్యం పలకాలి, ఒత్తులు స్పష్టంగా రావాలి. దానికి సాధన కావాలి, చేయించేవాళ్ళు ఉంటారు. కానీ నీ సొంత మాట నీ దగ్గరే ఉండాలి. నాకు బాగా కోపం వచ్చే విషయం ఇది, సినిమాల్లో మన యాస వినపడితే చాలాసార్లు నవ్వించడానికే. మన మాటలో ఏడిచేవాళ్ళు, కోపగించుకునేవాళ్ళు, ఆలోచించేవాళ్ళు స్టేజి మీద కనపడాలంటే మనవాళ్ళే వెళ్ళి చెయ్యాలి.

లైటింగ్_బాబు

నటన ఒక్కటే కాదని కూడా చెప్పండక్కా. నేను వెళ్ళింది హీరో అవుదామనే. రెండో సెమిస్టరులో లైటింగ్ క్లాసు. ఒక కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి ఒక్క లైటు కింద నుంచి వేశారు, దెయ్యంలా ఉన్నాడు. నెత్తిమీద నుంచి వేశారు, కళ్ళు గుంటలు పడి రోగిష్టిలా ఉన్నాడు. పక్కనుంచి ఏటవాలుగా వేశారు, మనిషి మనిషిలా ఉన్నాడు. అతను అసలు కదల్లేదు. నేను ఆ రోజు నుంచి స్టేజి ఎక్కలేదు, ఇప్పుడు పరిషత్తులకీ, డాన్స్ ప్రోగ్రాములకీ లైట్లు నేనే చూస్తాను, లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ సొంతంగా కొనుక్కున్నాను. సెట్టు, మేకప్, కాస్ట్యూమ్స్, స్టేజి మేనేజ్‌మెంటు, అన్నీ ముట్టుకోవాలి అక్కడ. అందరూ తుడవాలి కూడా, రిహార్సల్ హాలు.

ఇద్దరు_ఆడపిల్లల_తల్లి

విజయనగరం కోట దగ్గర ఉంటాం. మా పెద్దమ్మాయి ఇదే చదివింది, కాబట్టి తండ్రులు పైకి అడగనిది నేను చెప్తాను. వాళ్ళ భయం ఉద్యోగం ఒక్కటే కాదు. రిహార్సల్స్ రాత్రి ఎంతసేపు, ఎవరితో, హాస్టలుకి ఎలా వెళ్తుంది. మావారు కూడా అదే. బీఈడీ బీఈడీ అనేవారు గానీ లోపల ఉన్నది ఇది.

మేం ఏం చేశామంటే, చేరకముందే ఇద్దరం వెళ్ళి చూసొచ్చాం. డిపార్టుమెంటులో ఒక మూల కూర్చుని రిహార్సల్ చూశాం. హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు, షో ఉన్న రోజు పర్మిషన్ ఎవరిస్తారు, పిల్లలని హాస్టలు దాకా ఎవరు దింపుతారు అని అడిగాం. సీనియర్ అమ్మాయిలతో విడిగా మాట్లాడాం, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్తారు, చెప్తే వింటారా అని. మావారు తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఫీజు ఎంతో అడిగారు. నువ్వు కూడా నాన్నని వాదించి ఒప్పించకమ్మా, తీసుకెళ్ళి చూపించు.

లెక్కల_మాస్టారు

ఇది బాగుంది. నేనూ మా అమ్మాయి విషయంలో గుర్తుపెట్టుకుంటాను.

నాగావళి_ఒడ్డున

విశాఖ అయితే నాన్న ఆదివారం కాకుండా సెలవు పెట్టి వస్తారేమో, అడుగుతాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఎక్కడెక్కడ అప్లై చెయ్యాలి?

వింగ్_పక్కన

దగ్గరది విశాఖ, ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ డిపార్టుమెంటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్‌లో ఎంపీఏ అనే పీజీ ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959 నుంచి ఉంది, మూడేళ్ళ కోర్సు, విద్యార్థులకి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు, అందుకే పోటీ విపరీతం. డిగ్రీతో పాటు నాటకాల్లో చేసిన అనుభవం చూపించాలి. వాళ్ళ బెంగళూరు సెంటరులో ఏడాది కోర్సు కూడా ఉంది. తేదీలూ ఫీజులూ ఏటా మారతాయి, ఆ ఏటి నోటిఫికేషన్ నువ్వే స్వయంగా చదువు, ఎవరో చెప్పారని వదిలెయ్యకు.

ఇప్పటి నుంచి వేసిన ప్రతి నాటిక ఫోటో, కరపత్రం, సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకో.

ఇంటర్వ్యూలో ఒక ఏకపాత్ర చెయ్యమంటారు, పాట పాడమంటారు, అప్పటికప్పుడు ఏదో ఇచ్చి చెయ్యమంటారు. ఏడుపు సీను మాత్రం తీసుకెళ్ళకు. అందరూ అదే తెస్తారు.

మూడులాంతర్లు

కన్యాశుల్కంలో మధురవాణి తీసుకో. రామప్పంతులుతో మాట్లాడేది కాదు, అది అందరూ చేస్తారు. చివర్లో మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వస్తుంది చూడు, అది. ఆడది మగవాడిలా నిలబడాలి, కానీ లోపల మధురవాణి కనపడుతూ ఉండాలి. ఒకప్పుడు స్థానం నరసింహారావు గారి లాంటివాళ్ళు మగవాళ్ళై ఉండి మధురవాణి కట్టి మెప్పించారు. మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్ళీ మగవాడవడం, అది వాళ్ళకి ఎంత కష్టమై ఉంటుందో ఆలోచించు. నీకు అందులో సగమే కష్టం. రెండో కూర్పు, 1909ది, అందులోంచి తీసుకో. మొదటి కూర్పుకీ దానికీ చాలా తేడా ఉంది.

నాగావళి_ఒడ్డున

మాస్టారూ, ఆ సీను నిన్న రాత్రి మూడుసార్లు చదివాను. మగవాడిలా నిలబడటం అంటే కాళ్ళు ఎడంగా పెట్టి ఛాతీ ముందుకి పెడితే చాలనుకున్నాను, అద్దంలో చూస్తే బాలేదు. పొద్దున మిల్లుకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి నాన్నని చూస్తూ కూర్చున్నాను. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళ గీతలు తాకుతూ ఉంటారు, ఎవరైనా పిలిస్తే తల తిప్పరు, ముందు భుజం తిరుగుతుంది. ఇన్నేళ్ళూ నేను గమనించలేదు. "ఏటి అలాగ చూస్తన్నావు?" అన్నారు. చెప్పలేదు.

విశాఖకి వచ్చే వారం వెళ్దామన్నారు. చూడటానికి మాత్రమే అన్నారు.

మూడులాంతర్లు

వెళ్ళిరండి. విశాఖ నుంచి వచ్చేటప్పుడు ఇద్దరూ విజయనగరంలో దిగండి. సాయంత్రం ఆరింటికి గురజాడ కళాభారతి దగ్గర ఉంటాను, మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వస్తారు. సీను వింటాం. పుస్తకం చూసి చదివినా పరవాలేదు. చున్నీ నడుముకి బిగించి కట్టుకునేలా డ్రెస్ వేసుకుని రా, నేలమీద పని ఉంటుంది.

వింగ్_పక్కన

నేనూ వస్తాను. లావుపాటి పుస్తకం ఒకటి తెస్తాను.